యుద్ధం మధ్యలో నోటు తిరగరాయడం

(ఒక గ్రంథాలయం హాల్లో ఆదివారం సాయంత్రం విశ్రాంత బ్యాంకు ఉద్యోగి చేసిన ప్రసంగం, రికార్డింగు నుంచి రాసుకున్నది)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినబడుతోందా? ఆ ఫ్యాను ఒకటి ఆపేయండి బాబూ, మైకులో నా గొంతు కన్నా దాని చప్పుడే ఎక్కువ వస్తోంది. ఆఁ, ఇప్పుడు బావుంది.

నేను ముప్పై ఏళ్ల పైచిలుకు బ్యాంకులో పనిచేసి బయటికొచ్చినవాణ్ని. అందులో సగం పల్లెటూరి బ్రాంచీలే. ఉక్రెయిన్ యుద్ధం గురించి మాట్లాడమన్నప్పుడు వద్దన్నాను. ట్యాంకులు, డ్రోన్ల గురించి మీరు టీవీలో ఎంత చూశారో నేనూ అంతే చూశాను. ఉక్రెయిన్ అనగానే మన ఇళ్లల్లో ముందు గుర్తొచ్చేది 2022 ఫిబ్రవరి, మార్చి నెలలు. మెడిసిన్ చదవడానికి వెళ్లిన పిల్లలు బంకర్లలోంచి ఫోన్లు చేయడం, ఆపరేషన్ గంగ విమానాల కోసం తల్లిదండ్రుల ఎదురుచూపులు. ఆ తర్వాత గుర్తొచ్చేది పొద్దుతిరుగుడు నూనె ధర. నేను ఆ రెండూ కాకుండా మూడోది ఎత్తుకుంటాను. ఒక దేశం మీద బాంబులు పడుతున్న రోజుల్లోనే దాని పాత అప్పుల గడువు తేదీలు కూడా వచ్చిపడితే ఏం చేస్తుంది? ఎవరు ఎవర్ని బతిమాలతారు, ఎవరు ఎవరి మెడ వంచుతారు?

ఇక్కడ పెద్దవాళ్లకి ప్రోనోటు సంగతి చెప్పక్కర్లేదు. కుర్రాళ్ల కోసం చెబుతున్నాను. ప్రోనోటు అంటే అప్పు తీరుస్తానని రాసిచ్చే పత్రం, దాని ఆయుష్షు మూడేళ్లు. ఆలోగా డబ్బన్నా వసూలు కావాలి, ఎంతో కొంత కట్టించుకుని చెల్లన్నా రాయించాలి, లేదా నోటన్నా తిరగరాయించాలి. ఏదీ చేయకపోతే కాలదోషం పడుతుంది, కోర్టుకి వెళ్లినా పని జరగదు. అందుకని నోటు తిరగరాసే రోజు ఊళ్లో చిన్న పంచాయితీ లాంటిది. వడ్డీని అసల్లో కలుపుదామంటాడు ఒకాయన. ఈసారి మీ బావమరిది పూచీ ఉండాలంటాడు ఇంకొకాయన. అప్పు ఇచ్చిన రోజున అందరూ నవ్వుతూనే ఉంటారండీ. నోటు తిరగరాసే రోజునే ఎవడి బలం ఎంతో బయటపడుతుంది.

దేశాల మధ్య కూడా ఇదే నడుస్తుంది. కాకపోతే సున్నాలు ఎక్కువ, సూట్లు ఎక్కువ.

(నవ్వులు)

మొదట నాకు బాగా ఇష్టమైన నోటు గురించి చెబుతాను. ఇష్టమంటే బ్యాంకువాడి ఇష్టం, అంత విచిత్రమైన నోటు నా సర్వీసులో చూడలేదు.

2013 నవంబరు. ఉక్రెయిన్ అధ్యక్షుడు యనుకోవిచ్. ఐరోపా సమాఖ్యతో ఒప్పందం మీద సంతకం పెట్టాల్సినవాడు చివరి నిమిషంలో ఆగిపోయాడు. కీవ్ నడిబొడ్డున మైదాన్‌లో జనం కూర్చున్నారు. డిసెంబరులో పుతిన్ 1,500 కోట్ల డాలర్ల సాయం ప్రకటించాడు. అందులో మొదటి విడత 300 కోట్లు వెంటనే ఇచ్చాడు. ఎలా ఇచ్చాడన్నదే అసలు కథ. ప్రభుత్వానికి ప్రభుత్వం చేబదులుగా ఇవ్వలేదు. ఉక్రెయిన్ చేత బాండ్లు రాయించి, రష్యా జాతీయ సంపద నిధితో మొత్తం కొనిపించాడు. రెండేళ్ల గడువు, 5 శాతం వడ్డీ. బాండ్లు ఐర్లండ్ స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్టయ్యాయి. తగాదా వస్తే వర్తించేది ఇంగ్లండు చట్టం. ఆ రోజుల్లో ఉక్రెయిన్‌కి బజారులో ఎవడూ 5 శాతానికి అప్పు ఇచ్చేవాడు కాదు. అంటే ధర చూస్తే స్నేహితుడి సాయం, కాగితం చూస్తే షావుకారు నోటు. ఇంకో షరతు కూడా పెట్టారు. ఉక్రెయిన్ మొత్తం అప్పు దాని జీడీపీలో 60 శాతం దాటితే గడువు దాకా ఆగకుండా డబ్బంతా ఒకేసారి అడగొచ్చు.

రెండు నెలలు తిరిగేసరికి యనుకోవిచ్ దేశం వదిలి పారిపోయాడు. 2014 మార్చిలో రష్యా క్రిమియాను తనలో కలిపేసుకుంది. తర్వాత తూర్పున డాన్‌బాస్‌లో యుద్ధం. అప్పు ఇచ్చినవాడే పొలం గట్టు జరిపి ఆక్రమించుకున్నాడు. అయినా నోటు మాత్రం అతని చేతిలోనే ఉంది. వడ్డీ ఆర్నెల్లకి 7.5 కోట్ల డాలర్లు. మీరు నమ్మరు గానీ, 2015 మధ్య వరకు ఉక్రెయిన్ ఆ వడ్డీ కట్టింది. అలా ఎందుకు కట్టారని నన్ను చాలామంది అడిగారు. కట్టకపోతే అంతర్జాతీయ ద్రవ్యనిధి, అదే ఐఎంఎఫ్, తలుపు మూసుకుపోతుంది, అందుకు. ఐఎంఎఫ్‌కి ఒక పాత నియమం ఉండేది. ఒక దేశం ఇంకో దేశ ప్రభుత్వానికి బాకీ పడి కట్టకపోతే, ఆ అప్పు ఇచ్చిన ప్రభుత్వం ఒప్పుకుంటే తప్ప ఐఎంఎఫ్ కొత్త డబ్బు ఇవ్వకూడదు. 2015 మార్చిలో ఐఎంఎఫ్ ఉక్రెయిన్‌కి 1,750 కోట్ల డాలర్ల కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ 300 కోట్ల నోటు రష్యా జేబులో ఉన్నంత కాలం ఈ 1,750 కోట్లకి తాళంచెవి కూడా రష్యా జేబులోనే ఉన్నట్టు.

2015 వేసవిలో ఉక్రెయిన్ ఆర్థిక మంత్రి నటాలీ జరెస్కో మిగతా విదేశీ బాండ్లవాళ్లతో బేరం ఆడింది. అసల్లో 20 శాతం కోత, మిగిలింది పొడిగింపు. అందరూ ఒప్పుకున్నారు. రష్యా మాత్రం ఆ బల్ల దగ్గరికే రానంది. తనది వ్యాపారుల అప్పు కాదట, ప్రభుత్వ అప్పట.

ఇప్పుడు చూడండి చదరంగం. 2015 నవంబరులో టర్కీలోని అంటాల్యాలో జీ20 సమావేశం జరిగింది. అక్కడ పుతిన్ పొడిగింపు తనే ముందుకు తెచ్చాడు. డిసెంబరులో మొత్తం కట్టక్కర్లేదు, 2016లో 100 కోట్లు, 2017లో 100, 2018లో 100 కడితే చాలన్నాడు. వినడానికి ఎంత ఉదారంగా ఉందో! కానీ పూచీ అడిగాడు. అమెరికా గానీ, ఐరోపా సమాఖ్య గానీ, పెద్ద అంతర్జాతీయ ఆర్థిక సంస్థ ఏదైనా గానీ హామీ సంతకం పెట్టాలన్నాడు. ఇందాక చెప్పానే, బావమరిది పూచీ. ఉక్రెయిన్ మీద మీకంత నమ్మకముంటే మీరే పూచీ పడండి అని బహిరంగంగా అన్నట్టు. అమెరికా సంతకం పెడితే రష్యా డబ్బుకి ఢోకా లేదు. పెట్టకపోతే ‘చూశారా, వీళ్లకే నమ్మకం లేదు’ అని చెప్పుకోవచ్చు. అమెరికా పెట్టలేదు.

బదులుగా ఇంకోటి జరిగింది. డిసెంబరు 8న ఐఎంఎఫ్ తన పాత నియమాన్నే మార్చేసింది. ప్రభుత్వానికి బాకీ ఉన్నా సరే, అప్పు తీసుకున్న దేశం చిత్తశుద్ధితో బేరానికి వస్తే డబ్బు ఇవ్వొచ్చు అని. ఉక్రెయిన్ పేరు ఎత్తకుండా, సాధారణ సంస్కరణ అన్నట్టు చేశారు. రష్యా ఆర్థిక మంత్రి సిలువానోవ్ మండిపడ్డాడు. నాకైతే ఆయన కోపంలో కొంత న్యాయం కనిపిస్తుంది. ఆట మధ్యలో నియమం మారింది, అది నిజం. అయితే ఇంకో వారం తర్వాత ఐఎంఎఫ్ ఇంకో మాట కూడా చెప్పింది: అవును, రష్యాది ప్రభుత్వ అప్పే అని. రష్యా కోరిన పేరు దానికి ఇచ్చారు, ఆ పేరుకున్న కోరలు మాత్రం అప్పటికే పీకేశారు. డిసెంబరు 18న ఉక్రెయిన్ ప్రధాని యాట్సెన్యుక్ మారటోరియం, అంటే చెల్లింపుల నిలుపుదల, ప్రకటించాడు. రెండు రోజుల్లో గడువు దాటింది.

రష్యా తరఫున ట్రస్టీగా ఉన్న సంస్థ 2016లో లండన్‌లో దావా వేసింది. ఉక్రెయిన్ వాదన మన ఊరి భాషలో చెప్పాలంటే, మెడ మీద కత్తి పెట్టి సంతకం చేయించుకున్నారు, ఆ నోటు చెల్లదు. 2017లో హైకోర్టు జడ్జి విలియం బ్లెయిర్, ఈయన బ్రిటన్ మాజీ ప్రధాని టోనీ బ్లెయిర్‌కి అన్న, పూర్తి విచారణ అక్కర్లేదు, డబ్బు కట్టాల్సిందే అన్నాడు. 2018లో అప్పీలు కోర్టు కాదంది. చివరికి 2023 మార్చి 15న బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది. తేల్చింది అంటే, విచారణ జరగాలి అని తేల్చింది. అందులో తేడా జాగ్రత్తగా గమనించండి. రష్యా వ్యాపార ఆంక్షలు పెట్టి బెదిరించింది అన్నది ఇంగ్లండు చట్టంలో బలవంతం కిందికి రాదు. బలమైన దేశాలు బలహీన దేశాల మీద అలాంటి ఒత్తిడి పెడుతూనే ఉంటాయి. సైన్యంతో, ప్రాణాలకి హాని చేస్తామన్న బెదిరింపు ఉందని రుజువు చేస్తే మాత్రం అది బలవంతమే, దాని మీద సాక్ష్యం వినాలి. పాకెట్ మీద కొట్టడం రాజకీయం, ఒంటి మీద కొడతాననడం బలవంతం అన్నమాట. ఈ తీర్పు వచ్చేనాటికి పెద్ద యుద్ధం మొదలై ఏడాది దాటింది.

ఆ పెద్ద యుద్ధం సంగతికి వద్దాం.

2022 ఫిబ్రవరి 24న దాడి మొదలైంది. వారం తిరక్కుండానే, మార్చి 1న, ఉక్రెయిన్ బాండ్ల మీద వడ్డీ తేదీ. కట్టేశారు! కీవ్ చుట్టూ రష్యా సైన్యం ఉండగా న్యూయార్కు, లండన్ ఫండ్లకి వడ్డీ వెళ్లింది. నా బ్రాంచిలో అలాంటి రైతులు ఉండేవాళ్లు. తుపానులో పంట పోయినా బంగారం కుదువపెట్టి మరీ వాయిదా కట్టేవాళ్లు. పేరు పోకూడదని. రేపు మళ్లీ అప్పు పుట్టాలి కదా. ఉక్రెయిన్ ఆర్థిక శాఖ ఆలోచన కూడా అదే. 2015లో ఒకసారి కోత పెట్టాం, మళ్లీ పెడితే ఎవరు నమ్ముతారు?

కానీ లెక్క కుదరడం లేదు. నెలకి 500 కోట్ల డాలర్ల లోటు అని వాళ్లే చెప్పారు. పన్నులు పడిపోయాయి, లక్షల మంది దేశం దాటారు, ఓడరేవులు మూతపడ్డాయి. కేంద్ర బ్యాంకు నోట్లు అచ్చు వేసి ప్రభుత్వ యుద్ధ బాండ్లు కొంది, ఆ ఒక్క ఏడాదిలో 40,000 కోట్ల హ్రివ్నియాలకి, అది వాళ్ల కరెన్సీ. స్నేహితుల డబ్బు మాటల్లో వచ్చినంత వేగంగా చేతికి రాలేదు. ఐరోపా సమాఖ్య మే నెలలో 900 కోట్ల యూరోలు ఇస్తామంది. ఆగస్టు మొదటి వారానికి వచ్చింది 100 కోట్లు.

సెప్టెంబరు 1న ఒక బాండు గడువు తీరుతుంది. సుమారు 90 కోట్ల డాలర్లు అసలు కట్టాలి. దానికి ముందు, జులై 20న, రెండు కాగితాలు ఒకేరోజు బయటికొచ్చాయి. ఒకటి ఉక్రెయిన్ ఆర్థిక శాఖది: బాండ్లు ఉన్నవాళ్లంతా రెండేళ్లు ఆగండి, వడ్డీ లెక్క నడుస్తూనే ఉంటుంది, మాఫీ అడగడం లేదు అని. రెండోది అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, జపాన్, కెనడాలది. మేమిచ్చిన ప్రభుత్వ అప్పుల వాయిదాలు 2023 చివరి దాకా ఆపేస్తున్నాం, అవసరమైతే ఇంకో ఏడాది ఆగుతాం, బాండ్లవాళ్లు కూడా ఇదే బాటలో నడవాలని గట్టిగా కోరుతున్నాం అని. ఒకేరోజు రావడం కాకతాళీయం అనుకునేవాళ్లు చేతులెత్తండి.

(నవ్వులు)

ఈ రెండో కాగితమే దౌత్యం. ఊళ్లో పెద్ద షావుకారు ముందు లేచి, నేను ఆగుతున్నాను అని అందరి ముందూ చెప్పాక, చిన్న షావుకార్లు వసూలుకి వెళ్లడం కష్టం. బ్లాక్‌రాక్, ఫిడెలిటీ లాంటి పెద్ద ఫండ్లు కూడా సరే అన్నాయి. అది పూర్తిగా దయ అనుకోకండి. అప్పటికే ఆ బాండ్లు బజారులో డాలరుకి 20 సెంట్ల దరిదాపుల్లో అమ్ముడవుతున్నాయి. ఆగకపోతే వచ్చేది డిఫాల్టు అంటే ఎగవేత, కోర్టు, పైగా యుద్ధంలో ఉన్న దేశం మీద దావా వేశారన్న చెడ్డపేరు.

ఇంకో చిన్న యంత్రం కూడా పనిచేసింది. ఆ బాండ్లలో మెజారిటీ నిబంధన ఉంది. మొత్తం బాండ్లలో మూడింట రెండొంతులు, ఒక్కొక్క బాండులో సగానికి పైగా ఒప్పుకుంటే మిగతావాళ్లకి ఇష్టం లేకపోయినా వర్తిస్తుంది. మన ఊళ్లో ఒక్క మొండివాడు చాలు పంచాయితీ చెడగొట్టడానికి. అందుకే ఈ నిబంధన. ఆగస్టు 10న సుమారు 75 శాతం మంది ఒప్పుకున్నారు. దాదాపు 2,000 కోట్ల డాలర్ల బాండ్లకి రెండేళ్ల గడువు వచ్చింది. ఎస్ అండ్ పీ, ఫిచ్ అనే రేటింగు సంస్థలు మాత్రం దీన్ని డిఫాల్టు కిందే జమకట్టి రేటింగు దించాయి. అందరూ ఒప్పుకుని ఆగినా వాళ్ల లెక్కలో ఎగవేతే. బ్యాంకువాడిగా వాళ్లని తప్పు పట్టను గానీ, ఆ రేటింగు అప్పుడు ఎవరు చూశారో నాకు తెలీదు.

ఇప్పుడు నేను మీకు చెప్పదలచుకున్న లెక్క. ఈ రెండేళ్ల వాయిదాతో ఉక్రెయిన్‌కి మిగిలింది దాదాపు 600 కోట్ల డాలర్లు. నెల లోటు 500 కోట్లు. అంటే రెండేళ్ల పాటు వడ్డీ, అసలు ఏదీ కట్టకుండా ఆపితే మిగిలింది నెలా ఒక వారం లోటుకి సరిపోయేంత. ఇంత దౌత్యం, ఇన్ని దేశాల సంతకాలు, ఇంత టెన్షన్ దీనికోసమా?

చాలా కాలం నాకు ఇది అర్థం కాలేదు. అమెరికా కాంగ్రెసులో, జర్మనీ పార్లమెంటులో కూర్చున్నవాళ్ల వైపు నుంచి ఆలోచిస్తే అర్థమైంది. వాళ్లు పన్నుల డబ్బు తీసి ఉక్రెయిన్‌కి ఇస్తున్నారు, టీచర్ల జీతాలకి, పింఛన్లకి. ఆ డబ్బు కీవ్‌లో ఒక్క పూట ఆగి మళ్లీ న్యూయార్కు ఫండ్ల ఖాతాకి వడ్డీగా వెళ్తే, ఓటర్లకి ఏం చెబుతారు? మా సాయం బాండ్ల వడ్డీకి పోయిందని ప్రతిపక్షం ఒక్కసారి అంటే చాలు, తర్వాతి విడత ఆగిపోతుంది. మిగిలిన 600 కోట్ల కన్నా, ఆగిపోకుండా వచ్చే డబ్బే ముఖ్యం. పల్లెలో కూడా చూడండి, అల్లుడి కష్టానికి మామ డబ్బు ఇస్తాడు. ఆ డబ్బు తెల్లారేసరికి వడ్డీవ్యాపారి గల్లాపెట్టెలో కనిపిస్తే ఇంకోసారి ఇవ్వడు. వ్యాపారి ఆగితేనే మామ ఇస్తాడు. మామ ఇస్తేనే వ్యాపారికి ఎప్పటికైనా బాకీ తీరుతుంది. ఈ ముడి విప్పడానికే అంత హడావుడి.

పక్కనే ఇంకో చిన్న కథ నడిచింది. నాఫ్తోగాజ్ అని వాళ్ల ప్రభుత్వ గ్యాస్ కంపెనీ. జులై 19న దాని బాండు ఒకటి, 33.5 కోట్ల డాలర్లది, గడువు తీరింది. అది కూడా ఆగమని అడిగింది, కానీ దాని బాండ్లవాళ్లు ఒప్పుకోలేదు. జులై 26కల్లా డిఫాల్టు. దానికి వెనకాల ఆ ఆరు దేశాల కాగితం లేదు. అదే దేశం, అదే నెల, అదే యుద్ధం. పూచీ లేని నోటుకి ఒక న్యాయం, పెద్దల మాట ఉన్న నోటుకి ఇంకో న్యాయం.

మారటోరియం అంటే మాఫీ కాదని మనకి 2020లో తెలిసొచ్చింది. కరోనా టైములో రిజర్వు బ్యాంకు ఆర్నెల్లు వాయిదాలు ఆపుకోవచ్చంటే, వడ్డీ మీద వడ్డీ లెక్క చూసి జనం సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఉక్రెయిన్‌కి కూడా అంతే, రెండేళ్లు ఇట్టే గడిచాయి. యుద్ధం ఆగలేదు. వడ్డీ పేరుకుంది. మధ్యలో 2023 మార్చిలో ఐఎంఎఫ్ మళ్లీ నియమం మార్చుకుంది, ఈసారి అసాధారణ అనిశ్చితిలో ఉన్న దేశానికి కూడా పెద్ద కార్యక్రమం ఇవ్వొచ్చని. ఆ నెలాఖరున 1,560 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. స్నేహితుల ప్రభుత్వాలు తమ వాయిదాను 2027 దాకా పొడిగించాయి. బాండ్లవాళ్ల గడువు మాత్రం 2024 ఆగస్టుతో సరి.

2024 జూన్‌లో మొదటిసారి కూర్చున్నారు. కుదరలేదు. ఈసారి ఉక్రెయిన్ వాయిదా ఒక్కటే అడగలేదు, అసల్లో కోత అడిగింది. ఫండ్లు తక్కువ కోత, త్వరగా వడ్డీ కావాలన్నాయి. రెండేళ్ల కిందట ఉన్న సానుభూతి ఈసారి పల్చబడింది. ఉక్రెయిన్ పార్లమెంటు జులైలో ఒక చట్టం చేసి పెట్టుకుంది, బేరం కుదరకపోతే చెల్లింపులు ఆపే అధికారం ప్రభుత్వానికి ఉండేలా. బల్ల మీద కాకపోయినా బల్ల కింద పెట్టుకున్న కర్ర అది. జులై 22న ఒప్పందం కుదిరింది. బాకీలో 37 శాతం కోత, మూడేళ్లలో 1,140 కోట్ల డాలర్ల భారం తగ్గింపు. ఆగస్టు చివర్లో ఓటు వేస్తే 97 శాతం మంది ఒప్పుకున్నారు. ఆ రెండు బేరాల్లోనూ ఆర్థిక మంత్రి సెర్హీ మార్చెంకోయే. 2022లో ఆగమని అడిగినవాడే 2024లో తగ్గించమన్నాడు. మనకి తెలిసిన కథే కదా, ముందు వాయిదా, తర్వాత వన్ టైం సెటిల్‌మెంట్.

మనం కూడా ఒకసారి ఈ బల్లకి అటువైపు కూర్చున్నాం. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ మన దగ్గర సరుకులు, సైన్యం ఖర్చు తీసుకుని, లండన్ పుస్తకాల్లో మన పేర పౌండ్లు రాస్తూ పోయింది. ఇక్కడ రిజర్వు బ్యాంకు వాటి మీద రూపాయి నోట్లు అచ్చు వేసింది. ధరలు పెరిగాయి, 1943లో బెంగాల్లో జనం ఆకలికి చచ్చారు. యుద్ధం అయ్యేసరికి బ్రిటన్ మనకి 130 కోట్ల పౌండ్లు పైగా బాకీ. 1944లో ఐఎంఎఫ్‌కి పునాది వేసిన బ్రెటన్‌వుడ్స్ సమావేశంలో మనవాళ్లు దీన్ని ఎత్తారు. బ్యాంకులో కోట్లున్నా టాక్సీకి డబ్బులు లేనివాడి పరిస్థితి మాకెందుకు తెస్తారు అన్నట్టు ఏ.డి. ష్రాఫ్ మాట్లాడాడు. ఇది మనిద్దరి మధ్య విషయం, ఇక్కడ వద్దని బ్రిటన్ తరఫున వచ్చిన ఆర్థికవేత్త కీన్స్ పక్కకి తోసేశాడు. 1947లో ఆ ఖాతాను రెండుగా విడగొట్టి, పెద్ద భాగానికి తాళం వేశారు. బ్రిటన్‌ని అప్పుడు ఎవరూ డిఫాల్టు అనలేదు. పెద్ద దేశం వాయిదా వేస్తే దాని పేరు ‘ఏర్పాటు’.

ఇంకొక్క ముక్క చెప్పి ఆపుతాను, తర్వాత ప్రశ్నలు. 2015 బేరంలో జరెస్కో కోత కోసం ఒక తీపి మాట ఇచ్చింది. ఉక్రెయిన్ జీడీపీ ఏడాదికి 3 శాతం దాటి పెరిగితే అందులో వాటా ఇస్తామని వేరే కాగితాలు ఇచ్చింది. యుద్ధం వచ్చి 2022లో జీడీపీ 29 శాతం దాకా కూలింది. అంత కిందికి పడ్డాక 2023లో 5 శాతం పైగా పెరిగింది. పెరిగిందా లేదా? పెరిగింది. కాగితం ప్రకారం వాటా ఇవ్వాలి! కూలిన ఇంటి గోడ ఒకటి నిలబెడితే, ఇల్లు పెద్దదైంది, వాటా ఇవ్వమన్నట్టు. 2025 జూన్ 2న దాని కింద 66 కోట్ల పైచిలుకు డాలర్లు కట్టాలి, కట్టలేదు. ఆ డిసెంబరులో వాటిని కూడా కొత్త బాండ్లుగా మార్చారు. అప్పు పత్రంలో ‘ఎంత’ అన్నది అందరూ చదువుతారు, ‘ఎప్పుడు, ఏ షరతు మీద’ అన్నది లాయర్లే చదువుతారు. మా ట్రైనింగులో ఒకాయన రోజూ చెప్పేవాడు, అప్పట్లో నాకు నిద్రొచ్చేది.

(నవ్వులు)

ప్రశ్నలు అడగండి.

ఒక శ్రోత: మాస్టారూ, మరి రష్యాకి ఆ 300 కోట్లు ఉక్రెయిన్ కట్టాలా వద్దా? మీరేమంటారు?

కోర్టు మాట పక్కన పెట్టి నా మాట అడుగుతున్నారా? డబ్బు తీసుకున్నారు, ఖర్చు పెట్టారు, అది నిజం. కానీ నా భూమి లాక్కున్నవాడు నా నోటు పట్టుకుని వస్తే, ముందు భూమి లెక్క తేలనీ అంటాను. ఇంగ్లండు కోర్టు అలాంటి లెక్క ఒప్పుకోలేదు, ప్రతీకార చర్యగా బాకీ ఎగ్గొట్టొచ్చన్న వాదనను తోసిపుచ్చింది. బలవంతం ఒక్కటే మిగిల్చింది. చట్టం దృష్టిలో అది సరైనదే కావచ్చు. నాకు మింగుడుపడదు.

ఇంకో శ్రోత: సార్, ఇంతమంది కలిసి ఒక దేశానికి వాయిదా ఇస్తున్నారు. మన రైతుకి ఎందుకివ్వరు?

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. ఇస్తారమ్మా, కాగితం మీద ఉంది. కరువు మండలం అని ప్రకటించి, పంట మూడో వంతు పైగా పోతే, పంట రుణాన్ని కొన్నేళ్ల టర్మ్ లోనుగా మార్చొచ్చు. నేనే ఎన్నో ఫైళ్లు రాశాను. కానీ అది బ్యాంకు పుస్తకంలో పేరున్నవాడికి. పొలం ఒకరిది, సాగు ఇంకొకరిది అయినప్పుడు పుస్తకంలో ఉండేది పొలం ఓనరు పేరు. కౌలు రైతు అప్పు ఎరువుల దుకాణంలో ఉంటుంది, ఊరి వ్యాపారి దగ్గర ఉంటుంది. ప్రభుత్వం కరువు ప్రకటించినా ఆ దుకాణం వాయిదా మారదు. నాఫ్తోగాజ్ పరిస్థితి అనుకోండి.

ఇంకో శ్రోత: అసలు ఈ అప్పు ఎప్పటికి తీరుతుంది?

2024లో రాసిన కొత్త బాండ్లలో మొదటిది 2029లో, చివరిది 2036లో గడువు తీరతాయి. వడ్డీ తేదీలు ఫిబ్రవరి 1, ఆగస్టు 1. కొన్నిటి మీద 2027 దాకా వడ్డీయే లేదు. ఒక రకం బాండులో, 2028 నాటికి దేశం ఐఎంఎఫ్ అంచనా కన్నా బాగా కోలుకుంటే బాండ్లవాళ్లకి కొంచెం ఎక్కువ వస్తుంది. అవును బాబూ, మళ్లీ అదే జీడీపీ షరతు. ఈసారి దానికి పైన హద్దు పెట్టారు.